ఎలుకలు కొరికిన చిటికెన వేలు

బుధవారం ఉదయం పదిన్నరకు ఆర్డిస్ లండ్‌క్విస్ట్ తన జీవితంలోకెల్లా పెద్ద తప్పు చేసింది; అదీ పళ్ళు తోముకునే బ్రష్షుతో.

చేస్తున్నప్పుడు అది తప్పని ఆమెకు తోచలేదు. ఏ పనైనా పద్ధతిగా చేయడం ఆమె స్వభావం. జిల్లా గ్రంథాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పుస్తకాలకు వివరపత్రాలు రాసి పదవీ విరమణ చేసిన మనిషి. అందుకే వంటింటి తొట్టి అడుగున ముందుగా ఒక తువ్వాలు మడతపెట్టి పరిచింది, గోరువెచ్చని నీళ్ళు పట్టింది, రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసింది. ఆ తరువాత, పసిబిడ్డకు నీళ్ళు పోయబోయే తల్లిలాగా, తండ్రి పోసిన ప్లాస్టర్ అచ్చును రెండు చేతులతో ఎత్తి తువ్వాలు మీద పడుకోబెట్టింది. పదహారున్నర అంగుళాల ఎడమ పాదం. మడమ లోతుగా, వేళ్ళు అయిదూ విడివిడిగా. నలభై ఏడేళ్ళుగా ముందుగదిలో చలిమంట వేసుకునే పొగగూటి అరుగు మీద ఉండి ఉండి బూడిదరంగుకు తిరిగింది. ఆర్డిస్ పావుగంట సేపు తోమింది. తొట్టిలో నీళ్ళు బూడిదరంగుగా మారాయి. పాదం పెళ్ళికూతురి ముసుగులా తెల్లగా తేలింది.

శనివారం నాడు ఆమె ఊరు మాడ్రోన్ ఫ్లాట్‌లో బిగ్‌ఫుట్ వస్తుశాల తెరుస్తున్నారు. బిగ్‌ఫుట్ అంటే ఆ అడవుల్లో తిరుగుతుందని చెప్పుకునే, మనిషిలా నడిచే భారీ బొచ్చు జీవి. అగ్నిమాపక దళం వారి షెడ్డు వెనుక ఊరివాళ్ళే కలిసి కట్టుకున్న ఒక గది అది. అందులో మొట్టమొదటి గాజు బీరువా, కాలం చేసిన ఆర్డిస్ తండ్రి హార్లన్ అచ్చుకు కేటాయించారు. బీరువాలో కొత్త దీపాలు పెట్టించారు. ఆ వెలుగులో తండ్రి పాదముద్ర మసి పట్టి కనబడటం ఆమెకు ఇష్టం లేకపోయింది. కారణం అంతే.

అచ్చును తుడిచి ఆరబెట్టి, బీరువాలో పెట్టవలసిన చీటీ ఎంత పొడవుండాలో సరిచూసుకుందామని వస్తుశాల సంఘం నిబంధనల కాగితం తీసింది. తొమ్మిది నిబంధనలు, తొమ్మిదీ తానే రాసినవి. చీటీ కొలత ఏడో నిబంధనలో ఉంది. కాని చూపు ఏడు దాకా పోలేదు, నాలుగు దగ్గరే ఆగిపోయింది.

"గాజు బీరువాలో అసలు అచ్చులకే చోటు. అచ్చు మడతలలో ఆ చోటి మట్టి కనబడితేనే దానిని అసలుగా గుర్తించాలి. కడిగిన అచ్చును నకలుగానే లెక్కించాలి."

ఆరేళ్ళ కిందట, వస్తుశాల ఇంకా ఆలోచనగా ఉన్నప్పుడే, పక్క జిల్లా నుంచి ఒక పెద్దమనిషి మిలమిలలాడే అచ్చు ఒకటి పట్టుకొచ్చి అసలుదేనని వాదిస్తే, అతని నోరు మూయించడానికి రాసిన వాక్యాలవి. అప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు.

ఆర్డిస్ కుర్చీలో కూలబడింది. అచ్చు వెనుక 'హా.లం. 14 అక్టోబరు 1976' అని గీసి ఉన్న మాట నిజమే. కాని ఆ మరుసటి చలికాలంలో స్నేహితులకిద్దామని అయిదు నకళ్ళు తీసినప్పుడు, హార్లన్ పొంగిపోయి, వాటన్నింటి వెనుకా అదే తేదీ, అవే అక్షరాలు గీసేశాడు. కాబట్టి అసలుదానికీ నకలుకూ తేడా చెప్పగలిగింది మట్టి ఒక్కటే. ఆ మట్టి ఇప్పుడు కాలువలో కలిసింది.

మర్నాడు ఉదయం ఆమె అలవాటు ప్రకారం కోర్లిస్ హోటలుకు వెళ్ళింది. వెళ్ళకపోతే ఎందుకు రాలేదని ఊరంతా ఇంటికి వస్తుంది. కోర్లిస్ యాంట్‌రిమ్ ఆ హోటలు యజమానురాలు, వస్తుశాల సంఘానికి అధ్యక్షురాలు కూడా. రెండు పనులూ ఒకే గొంతుతో, పొయ్యి దగ్గర నిలబడే చేస్తుంది. ఆవిడ పోసే పాన్‌కేకులు, అంటే మెత్తని తీపి అట్లు, పాదం ఆకారంలో ఉంటాయి. బల్ల చివర ఎనభై ఏళ్ళ డెల్బర్ట్ ప్రూయిట్ కూర్చుని, తన పాదాన్ని ఎప్పటిలాగే చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి తింటున్నాడు. ఒకప్పుడు దుంగల లారీ తోలినవాడు, హార్లన్‌కు ప్రాణస్నేహితుడు.

"ఏంటమ్మాయ్, మొహం అలా వేలాడేశావ్? బిగ్‌ఫుట్ ఎదురుపడి పలకరించకుండా వెళ్ళిపోయిందా?" అన్నాడు డెల్బర్ట్.

"నిద్ర పట్టలేదండీ."

"వస్తుశాల బెంగ," అంది కోర్లిస్, అట్లకాడ ఊపుతూ. "నువ్వు ఊరికే కంగారు పడకు ఆర్డిస్. మీ నాన్న అచ్చు ఉందిగా, మిగతావి లేకపోయినా ఫర్వాలేదు. ఏం డెల్బర్ట్, రేపు షెడ్డులో కథలు చెప్పే బల్ల మీద నువ్వేం పెడుతున్నావ్? మళ్ళీ ఆ బిగ్‌ఫుట్ అరుపు క్యాసెట్టేనా? అందులో అరిచింది నీ బావమరిదని ఊళ్ళో కుక్కలక్కూడా తెలుసు."

"వాడికంత గొంతెక్కడిది? వాడి పెళ్ళిలో 'సరే' అన్నది కూడా ఎవరికీ వినపడలేదు."

"కొత్తదేదైనా తే. లేదంటే సోమవారం నుంచి నీకు కాఫీ బంద్."

"కొత్తదంటే ఎక్కణ్ణుంచి తేను?" డెల్బర్ట్ బొటనవేలు దాకా వచ్చి ఆలోచించాడు. "షెడ్డు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్న అచ్చొకటుంది. హార్లన్ ఇచ్చిన నకలే. ఎలకలు కొరికాయి."

"ఎలకలు కొరికిన నకలా! అదే తీసుకురా నాయనా. అచ్చు కథ అందరికీ తెలిసిందే, ఎలకల కథైనా విందాం."

హోటలంతా నవ్వింది. ఆర్డిస్ కూడా పెదవులు కదిపింది గాని, ఒక్క మాటా ఆమె చెవికెక్కలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె బండి తీసి రస్టీ గట్టు మీదికి వెళ్ళింది. హార్లన్ రోడ్లు చదును చేసే యంత్రం నడిపేవాడు. మూడో మలుపు దగ్గర, వాన కురిసి వెలిసిన ఉదయాన, తాను ముందురోజు చదును చేసిన దారి మీదనే ఆ అడుగు చూశాడు. ఆ గట్టు మట్టి ఇటుకపొడిలా ఎర్రగా ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా అలాంటిది లేదు. ఆర్డిస్ అటూ ఇటూ చూసి, ఖాళీ జామ్ సీసా నిండా మట్టి నింపుకుంది. అరవై మూడేళ్ళ వయసులో, అడవిలో దొంగలా వంగి మట్టి తవ్వుతున్న తనను చూసి ఒక నీలిరంగు పక్షి కొమ్మ మీదనుంచి గట్టిగా తిట్టింది. ఆమె ఏమీ అనుకోలేదు. దాని మాటలో న్యాయముంది.

ఇంటికి వచ్చి, చెంచాడు మట్టిని నీళ్ళతో మెదిపి, సన్నని కుంచె ముంచింది. బొటనవేలి కింది మడత మీదికి కుంచెను తెచ్చింది. ఒక్క గీత చాలు. ఎవరూ అనుమానించరు, అనుమానించవలసిన బాధ్యత ఉన్నది తనకే.

కుంచె గాలిలోనే ఆగిపోయింది. ఏటేటా ఎవరో ఒకరు తండ్రిని అడిగేవారు: "హార్లన్, దాన్ని నువ్వు కళ్ళారా చూశావా?" ఆయన జవాబు ఏటేటా ఒకటే: "నేను చూసింది అడుగు. ఆ అడుగు మీద నిలబడిందెవరో నాకు తెలీదు." చుట్టుపక్కల అందరి పాదముద్రలూ చెప్పినకొద్దీ పెరిగేవి. హార్లన్‌ది మాత్రం ముప్పై ఆరేళ్ళలో పదహారున్నర అంగుళాలు దాటలేదు. ఆ ఊళ్ళో బిగ్‌ఫుట్‌కన్నా అదే పెద్ద వింత.

ఆర్డిస్ కుంచె కడిగేసి, సీసాకు మూత బిగించింది. రేపు బల్ల దగ్గర ఉన్నది ఉన్నట్లు చెప్పేయాలని నిశ్చయించుకుంది. తండ్రి పేరు బీరువా మీద ఉండదు. పోనీ, ఆయన రాతైనా నలుగురికీ వినబడుతుందని ఆయన పాకెట్ పుస్తకాన్ని కూడా సంచిలో వేసుకుంది. సీసానూ వేసుకుంది. ఒప్పుకునేటప్పుడు సగం దాచుకోవడం ఆమెకు చేతకాదు.

శుక్రవారం సాయంత్రం అగ్నిమాపక బండిని బయట నిలిపి, షెడ్డులో పొడవాటి బల్ల వేశారు. మాడ్రోన్ ఫ్లాట్‌లో ప్రతి సెప్టెంబరులోనూ జరిగేదే ఇది. ఎవరికి అపురూపమైన వస్తువును వారు తెచ్చి బల్ల మీద పెడతారు. దానిమీద చెయ్యి ఉంచి దాని కథ చెబుతారు. చెయ్యి తీసేదాకా ఇంకెవరూ నోరు మెదపకూడదు. చెయ్యి తీశాక ఏమైనా అనవచ్చు, 'నువ్వు నమ్ముతున్నావా' అని మాత్రం అడగకూడదు.

ఒకామె అగ్గిపెట్టెలో గుప్పెడు వెంట్రుకలు పెట్టింది. పక్కనే పటం కట్టించిన ఉత్తరం, అవి ఎలుగుబంటివని ప్రయోగశాల వారు రాసింది. "జవాబంటూ వచ్చింది నాదానికొక్కదానికే," అంది గర్వంగా. ఒకాయన ఫొటో చూపించాడు. అందులో మూడు వంతులు ఆయన సొంత బొటనవేలే. మిగిలిన వంతులో పొదలు, పొదల్లో ఏదో గోధుమరంగు. ఈ బల్ల మొదటిసారి వేసిననాటి, బిగ్‌ఫుట్ బొమ్మ ఉన్న చొక్కా ఒకటి ఇప్పుడు దిండు గలీబుగా వచ్చింది. "మా ఆయన ఇందులో పట్టడం మానేశాక దిండుకు తొడిగాను. నిద్దట్లో గురకపెడితే బిగ్‌ఫుట్ గురకపెట్టినట్టే ఉంటుంది," అంది దాని యజమానురాలు, చెయ్యి తీయకుండానే, భర్త జవాబు చెప్పడానికి వీల్లేకుండా.

తరువాతి వంతు డెల్బర్ట్‌ది. గోనెపట్టాలోంచి అచ్చును తీసి ధడాలున పెట్టాడు. మాసి, అంచులు పెచ్చులూడి, చూడగానే చేతులు కడుక్కోవాలనిపించేలా ఉంది. ఆయన దానిమీద అరచెయ్యి ఆనించాడు.

"ఇది హార్లన్ అచ్చుకి నకలు. నా షెడ్డు తలుపు గాలికి కొట్టుకుంటుంది. ఇది ఆపుతుంది. ఇదిగో ఇక్కడ ఎలకలు కొరికాయి. విచిత్రమేంటంటే, చిటికెన వేలొక్కటే కొరికాయి. మిగతా నాలుగూ ముట్టుకోలేదు. పక్కనే నా పాత తోలుబూట్లున్నాయి, వాటి జోలికీ పోలేదు. ఎలకలక్కూడా రుచులుంటాయి కాబోలు. అంతే." చెయ్యి తీశాడు.

"నువ్వూ అంతేగా, చిటికెన వేలితోనే మొదలెడతావు! ఆ ఎలకలు మీ చుట్టాలేమో అడుగు," అని కోర్లిస్ అరిచింది. షెడ్డు దద్దరిల్లింది.

ఆర్డిస్ నవ్వలేదు. 'మిగతా నాలుగూ ముట్టుకోలేదు' అన్న మాట, పుస్తకం పేజీల మధ్య మరిచిపోయిన కాగితంలాగా, ఆమె మనసులో ఎక్కడో అడ్డు తగిలింది. దాన్ని తీసి చూసే వ్యవధి లేకపోయింది. కోర్లిస్ ఆమె పేరు పిలిచింది.

తెల్లటి పాదం బల్ల మీదికి వచ్చేసరికి, అంత తెలుపేమిటని అందరూ మెడలు చాచారు. ఆర్డిస్ దానిమీద చెయ్యి పెట్టింది.

"ఇది మా నాన్న పోసిన అచ్చు. బుధవారంనాడు దీన్ని నేను కడిగేశాను. సబ్బుతో. పళ్ళ బ్రష్షుతో. నాలుగో నిబంధన ప్రకారం ఇది ఇక నకలు కింద లెక్క. ఆ నిబంధన రాసింది నేనే. నిన్న గట్టు మీదకెళ్ళి ఈ మట్టి తెచ్చాను, మడతల్లో పూసేద్దామని. పూయలేదు. కానీ పూద్దామనుకున్నాను, అది కూడా మీకు తెలియాలి." జామ్ సీసాను పాదం పక్కన పెట్టి, చెయ్యి తీసింది.

ఇప్పుడు ఎవరైనా ఏమైనా అనవచ్చు. ముందుగా కోర్లిస్ ముక్కు చీదింది.

"పిచ్చిదానా, దీనికా రెండు రోజులు మొహం వేలాడేసుకు తిరిగావ్? హార్లన్ అచ్చంటే ఊళ్ళో తెలియనివాళ్ళెవరు? మట్టి పోతే పోయింది. నిబంధన రాసిన చేత్తోనే కొట్టేయ్. ఏమంటారర్రా? ఇది అసలుదేనని ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి!"

అన్ని చేతులూ లేచాయి. డెల్బర్ట్ అయితే రెండూ ఎత్తాడు.

ఆర్డిస్ తల తిప్పి చూసింది. తెరిచిన తలుపులోంచి వస్తుశాల గది కనబడుతోంది. గాజు బీరువాలో దీపాలు అప్పటికే వెలిగించి ఉన్నాయి. తల ఊపితే చాలు. నాన్న పేరు రేపు ఆ వెలుగులో ఉంటుంది. అందుకు ఊరంతా చేతులెత్తి నిలబడింది.

అప్పుడు ఆమె చూపు ఆ చేతుల కిందుగా జారి, డెల్బర్ట్ తెచ్చిన మాసిన పాదం మీద, దాని కొరుకుడు పడ్డ చిటికెన వేలి మీద ఆగింది. తొట్టిలో నీళ్ళు గుర్తుకొచ్చాయి. బూడిదరంగు నీళ్ళు. పావుగంట తోమినా ఒక్క చుక్క ఎర్రగా మారలేదు.

తప్పు చీటీ రాస్తే పుస్తకం ఉండీ లేనట్టేనని ఆమె ముప్పై ఒక్క సంవత్సరాలు కొత్తవాళ్ళకు చెబుతూ వచ్చింది. "ఆగండి," అంది. "చేతులు దించండి. డెల్బర్ట్, మీ అచ్చు మీద నేను చెయ్యి పెట్టొచ్చా?"

ఒకరి వస్తువు మీద ఇంకొకరు చెయ్యి పెట్టడం ఆ బల్ల దగ్గర ఎన్నడూ జరగలేదు. డెల్బర్ట్ బుగ్గ గోక్కున్నాడు. "పెట్టుకో అమ్మాయ్. అదేం కొరకదు. కొరికినవి వేరే."

ఆర్డిస్ ఆ పాదాన్ని దీపం కిందికి జరిపింది. బొటనవేలి మడతలో ఎండి గట్టిపడిన మట్టి ఉంది. దాన్ని గోటి కొనతో ఇసుమంత రాల్చి తెల్లకాగితం మీద వేసి, పక్కనే సీసాలోంచి చిటికెడు మట్టి పోసింది. రెండూ ఒకే ఎరుపు. మడమ అంచున ఫర్ చెట్టుదే సూదిలాంటి ఆకు ఒకటి, సగం బయటికి, సగం ప్లాస్టర్ లోపలికి దిగి ఉంది. పోసేటప్పుడు పడితే తప్ప అలా దిగదు. అప్పుడు తండ్రి పాకెట్ పుస్తకం తెరిచింది. ఆ పేజీ ఆమె వందసార్లు చదివినదే, చదివి నవ్వుకున్నదే.

"అక్టోబరు 14. రస్టీ గట్టు, మూడో మలుపు. ఎడమ పాదం, పదహారున్నర. ప్లాస్టర్ చాల్లేదు. చిటికెన వేలి దగ్గర మెర్నా కట్టిచ్చిన పాన్‌కేక్ పిండి కలిపాను. మబ్బు పట్టింది." పుస్తకం మూసింది. "నకళ్ళు ఇంటి దగ్గర తీరిగ్గా తీసినవి. అన్నీ మంచి ప్లాస్టరే. ఎలకలు ప్లాస్టర్ తినవు. ఇవి తిన్నది మా అమ్మ పిండి. అసలు అచ్చు ఇదీ. నేను కడిగింది నకలు."

డెల్బర్ట్ నోరు తెరిచి, ఆమె చెయ్యి ఇంకా అచ్చు మీదే ఉండటం చూసి, మూసుకున్నాడు. ఆర్డిస్ గబుక్కున చెయ్యి తీసింది.

"మెర్నా!" అన్నాడాయన. "ఓరి నాయనో, మెర్నా పనిది! హార్లన్ నాకు నకలిచ్చిన వారానికి, ఇదిగో ఈ అచ్చు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చింది. 'డెల్బర్ట్, నా పొగగూటి మీద ఈ బురదబెడ్డ పెట్టుకోను గాక పెట్టుకోను. నీది తెల్లగా ఉంది, నాకిచ్చెయ్. నీ ఇంట్లో మట్టొక లెక్కా?' అంది. హార్లన్‌తో చెప్పొద్దని కూడా అంది. అన్నీ ఒకటే కదాని ఇచ్చేశా. చెప్పొద్దంది కాబట్టి చెప్పలేదు. తర్వాత మర్చేపోయా."

"మరి నాన్న అడగలేదా, ఇంత తెల్లగా ఎలా అయిందని?" అంది ఆర్డిస్, అంటూనే జవాబు ఆమెకే దొరికింది. తల్లి దుమ్ము దులిపే గుడ్డతో పొగగూటి ముందు నిలబడేది. "మీ అమ్మ దులిపి దులిపి గట్టు మట్టంతా పోగొట్టింది," అని తండ్రి నిట్టూర్చేవాడు. తల్లి మారు మాట్లాడకుండా ఇంకాస్త దులిపేది.

అంటే, అణువంత అతిశయోక్తి ఎరుగని హార్లన్ లండ్‌క్విస్ట్, ముప్పై ఆరేళ్ళపాటు ఈ బల్ల దగ్గర నకలు మీద చెయ్యి పెట్టి నిజం చెప్పాడన్నమాట. ఆ ఆలోచన రాగానే ఆర్డిస్ నవ్వడం మొదలుపెట్టింది. బుధవారం నుంచి బిగబట్టిన ఊపిరంతా నవ్వై బయటికి వచ్చింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. షెడ్డు మొత్తం ఆమెతో కలిసింది.

"నలభై ఏళ్ళకు పైగా," డెల్బర్ట్ ఒక్కడే నవ్వకుండా గొణుక్కున్నాడు, "అసలుదాన్ని తలుపుకి అడ్డంపెట్టానా నేను? ఒకసారి దీంతో మేకు కూడా కొట్టాను."

"ఏ పక్క?" ఆర్డిస్ నవ్వు టక్కున ఆగింది.

"మడమ పక్క."

"అది కూడా చీటీలో రాయాలి."

రాసింది. ఏడో నిబంధనలోని కొలత ప్రకారం, తన గుండ్రటి అక్షరాలతో, ఆ రాత్రే బల్ల మీదనే రాసింది: పోసినవారు హార్లన్ లండ్‌క్విస్ట్, పిండి మెర్నా లండ్‌క్విస్ట్, కాపాడినవారు డెల్బర్ట్ ప్రూయిట్. మడమ దగ్గరి దెబ్బ మేకు వల్ల. చిటికెన వేలి లోపం ఎలుకల వల్ల. ఎలుకల్ని కూడా కాపాడినవారిలో చేర్చాలని కోర్లిస్ పట్టుబట్టింది గాని, ఆర్డిస్ ఒప్పుకోలేదు.

శనివారం పొద్దున్నే, వస్తుశాల తలుపులు తెరవడానికి గంట ముందు, ఆమె తెల్లటి పాదాన్ని బండిలో పెట్టుకుని డెల్బర్ట్ ఇంటికి వెళ్ళింది. గాలికి షెడ్డు తలుపు టపటపా కొట్టుకుంటోంది. ముసలాయన చొక్కా ఇస్త్రీ చేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, కాపాడినవారి హోదాలో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆర్డిస్ అచ్చును తలుపుకు ఆనించి పెట్టింది. చప్పుడు ఆగిపోయింది.

డెల్బర్ట్ వంగి దాన్ని అటూ ఇటూ పరిశీలించాడు.

"పని చేస్తుంది గానీ అమ్మాయ్, మరీ శుభ్రంగా ఉంది. నా ఎలకలు దీని మొహం చూడవు."

"అందుకే తెచ్చాను," అంది ఆర్డిస్. "ఎక్కండి బండి, ఆలస్యమవుతోంది."